వియన్నా ఉత్తరాలు, హైదరాబాద్ పత్రిక



ఇక్కడికి కాస్త దూరంలోనే, బేగంపేట పైగా ప్యాలెస్‌లో, 2023 దాకా అమెరికా కాన్సులేట్ ఉండేది. అమీర్‌పేటలో కోర్సు నేర్చుకుని, ఫైలు చంకన పెట్టుకుని వీసా కోసం ఆ గేటు ముందు నిలబడ్డవాళ్లు పంజాగుట్ట చుట్టుపక్కల ఇంటికొకరు ఉంటారు. ఒక కాగితం మనిషి దారిని ఎలా తేలుస్తుందో మీకు నేను చెప్పక్కర్లేదు. ఈరోజు నేను తలచుకునే కుటుంబానికి మాత్రం ఆ కాగితం ప్రాణాల మీది సంగతి.

లియోపోల్డ్ వైస్ 1900లో లెంబెర్గ్‌లో యూదుల ఇంట పుట్టారు. ఇప్పుడది ఉక్రెయిన్‌లోని ల్వీవ్. తాత రబ్బీ, తండ్రి వకీలు. కుటుంబం వియన్నా చేరింది. జర్నలిస్టుగా అరబ్బు దేశాలు తిరిగిన వైస్ 1926లో ఇస్లాం స్వీకరించి ముహమ్మద్ అసద్ అయ్యారు. తండ్రి దృష్టిలో కొడుకు పోయినట్టే. తొమ్మిదేళ్ల మౌనం తర్వాత, 1935లో, తండ్రితో మళ్లీ సంబంధం కలిసింది. 1954లో అచ్చయిన ‘ద రోడ్ టు మెక్కా’లో అసద్ ఈ సంగతి నాలుగు మాటల్లో చెప్పి ఊరుకున్నారు. తండ్రీకొడుకులు మళ్లీ కలుసుకోలేదు, కానీ 1942 దాకా ఉత్తరాలు నడిచాయి.

ఆ ఉత్తరాలు నడిచిన కాలంలోనే అసద్ హైదరాబాద్‌లో ఉన్నారు. నిజాం ప్రభుత్వ పోషణలో 1927 నుంచి ఇక్కడ ‘ఇస్లామిక్ కల్చర్’ అనే ఇంగ్లీషు త్రైమాసిక పత్రిక వచ్చేది. ఖురాన్‌ను ఇంగ్లీషులోకి తెచ్చిన పిక్తాల్ దాని సంపాదకుడు. 1936లో ఆయన కన్నుమూశాక ఆ కుర్చీ అసద్‌కు దక్కింది.

1938 మార్చిలో హిట్లర్ ఆస్ట్రియాను కలిపేసుకున్నాడు. ఆస్ట్రియా పాస్‌పోర్టు జర్మన్ పాస్‌పోర్టుగా మారిపోయింది. అక్టోబరు నుంచి యూదుల పాస్‌పోర్టుల మీద ఎర్రటి ‘జె’ ముద్ర పడింది. అంతకుముందే జులైలో శరణార్థుల సంగతి తేల్చడానికి ఫ్రాన్స్‌లోని ఎవియాన్‌లో 32 దేశాలు సమావేశమై, దాదాపు అన్నీ తలుపులు మూసుకునే వెళ్లాయి. నిజాం సంస్థానం ఒక పండితుడికి కొలువు ఇవ్వగలిగింది. ఆయన తండ్రికి వీసా ఇవ్వడం దాని చేతిలో లేదు, ఆ తాళం బ్రిటిష్‌వాళ్ల దగ్గర ఉంది. 1939లో అసద్ ఇంటివాళ్లను బయటపడేయాలని యూరప్ వెళ్లి, పని కాక తిరిగొచ్చారు.

సెప్టెంబరులో యుద్ధం మొదలవగానే బ్రిటిష్‌వాళ్లు ఆయన్నే పట్టుకున్నారు. నాజీల లెక్కలో యూదుడు, తన మనసులో ముస్లిం, బ్రిటిష్ రికార్డుల్లో శత్రుదేశస్థుడు. ఇది నన్ను ఎప్పుడూ కలవరపెట్టే విషయం. హిట్లర్ వల్ల ఇల్లు కోల్పోయిన మనిషిని హిట్లర్ మనుషులతో కలిపి ఒకే ముళ్లకంచె లోపల ఉంచారు, 1945 ఆగస్టు దాకా. 1942లో తండ్రినీ సోదరినీ వియన్నా నుంచి తరలించారు. ఇద్దరూ నిర్బంధ శిబిరంలో ప్రాణాలు పోగొట్టుకున్నారు. కొడుకు అప్పటికి భారతదేశపు శిబిరంలో ఉన్నారు.

విడుదలయ్యాక కూడా కాగితాలు ఆయనకు దక్కలేదు. హదీసుల సంకలనమైన సహీహ్ బుఖారీని ఇంగ్లీషులోకి అనువదిస్తూ ఏళ్ల తరబడి పోగుచేసిన రాతప్రతులు 1947 విభజన అల్లర్లలో లూటీ అయ్యాయి. వాటిలో కొన్ని పుటలు రావీ నదిలో కొట్టుకుపోతుంటే కళ్లారా చూశానని ఆయనే తర్వాత రాశారు. అంతకుముందే అచ్చయిన కొంత భాగమే మిగిలింది. ఆయన పాకిస్తాన్ పౌరుడై, ఐక్యరాజ్యసమితిలో ఆ దేశం తరఫున పనిచేసి, 1992లో స్పెయిన్‌లో మరణించారు. గ్రనడాలో సమాధి చేశారు. 2008లో వియన్నా ఒక కూడలికి ఆయన పేరు పెట్టుకుంది.

‘ద రోడ్ టు మెక్కా’ కథ 1932లోనే ఆగిపోతుంది. హైదరాబాద్ రోజులు అందులో లేవు. కాబట్టి ఆ రోజులకు సాక్ష్యంగా మన చేతికందేవి ముందుగా ఆ పత్రిక సంపుటాలే. 1937, 38 సంచికలను చదివేవాళ్లు తేదీలు కూడా చూడండి. వియన్నాలో ఏ నెలలో ఏం జరుగుతోందో పక్కన పెట్టుకుని చదవండి. మీ తాతల్లో ఎవరైనా నిజాం విద్యాశాఖలోనో ఉస్మానియాలోనో పనిచేసి ఉంటే, పెట్టెల అడుగున ఉర్దూలోనో జర్మన్‌లోనో ఉత్తరాలు దొరికితే, పాత కాగితాలవాడికి వేసేముందు ఏదైనా గ్రంథాలయానికి చూపించండి.