తల్లి లేని దూడకు పారుడు పట్టుకుంటే



గేదె యీనిన రోజే చనిపోయిందనుకోండి. వేలకు వేలు పోసి కొన్న పశువు పోయిందే అన్న దిగులులో యింటిల్లిపాదీ వుంటారు. పాకలో మూలనున్న దూడ సంగతి యెవరికీ గుర్తుండదు. సాయంత్రానికి యింటావిడ జాలిపడి చెంబెడు పాలు ఒక్కసారిగా తాగిస్తుంది. మర్నాడు దూడ పారుకుంటుంది. మూడోనాటికి కాళ్లు చాపేస్తుంది. "తల్లి మీద బెంగతో పోయింది" అంటారు. బెంగ కాదండీ, ఒంట్లో నీరంతా పోయి చచ్చిపోయింది. అటువంటి దూడల్ని చాలావరకు బతికించుకోవచ్చు. ఎలాగో యీ పూట చెప్పుకుందాం.

మొదటి సంగతి ముర్రుపాలు. మనుషుల బిడ్డకు తల్లి కడుపులో వుండగానే కొంత రోగనిరోధక శక్తి వస్తుంది. దూడకు అలా రాదు. ముర్రుపాల నుంచే రావాలి. ఆ శక్తిని పీల్చుకునే గుణం దూడ పేగులకు గంటగంటకూ తగ్గిపోతుంది, ఒక రోజు దాటితే వుండదు. అందుచేత మాయ పడేదాకా ఆగవద్దు. పుట్టిన గంటలోపలే కుడిపించండి. తల్లి లేకపోతే అప్పుడే యీనిన మరో గేదె ముర్రుపాలు అడిగి తెచ్చి పట్టండి.

అవీ దొరకలేదా? ఒక కోడిగుడ్డును 300 మిల్లీలీటర్ల గోరువెచ్చని నీళ్లలో గిలక్కొట్టి, అర చెంచా ఆముదం, 600 మిల్లీలీటర్ల పాలు కలిపి పట్టండి. రోజుకు మూడుసార్లు, మూడు నాలుగు రోజులు యివ్వాలి. ఇది ఆకలి తీరుస్తుంది గాని రోగాన్ని ఆపే శక్తి యివ్వదు. కనుక ఆ దూడను మరింత కనిపెట్టి వుండాలి.

ఇక పాల లెక్క. దూడ బరువులో పదోవంతు పాలు రోజుకు కావాలి. 25 కిలోల దూడకు రెండున్నర లీటర్లన్న మాట. అదంతా ఒకేసారి పొయ్యకుండా మూడు నాలుగు పూటలుగా పంచండి. పాలు పొదుగులో వున్నంత వెచ్చగా వుండాలి. తల పైకెత్తి గొట్టంతో పోస్తే పాలు వూపిరితిత్తుల్లోకి పోతాయి. వేలు నోట్లో పెట్టి, చీకుతూ తాగడం అలవాటు చెయ్యండి. తాగిన గిన్నెను ప్రతిపూటా వేడినీళ్లతో కడగండి.

పాలిచ్చే మరో గేదె వుంటే దానికి మప్పవచ్చు. దూడ వీపున కాస్త తవుడూ వుప్పూ చల్లితే, గేదె నాకుతూ నాకుతూ దగ్గరికి రానిస్తుంది. మొదటి రోజుల్లో మాత్రం మనిషి పక్కనే వుండాలి.

ఇంత చేసినా పారుడు పట్టుకోవచ్చు. కారణాలు ఒకటి కాదు. పాలు యెక్కువైనా, గిన్నె మురికిదైనా, పాక తడిగా వున్నా, సూక్ష్మజీవులు చేరినా దూడ పారుకుంటుంది. గేదె దూడల్లో యేలికపాములు మరో కారణం. ఇవి పాల ద్వారానే దూడ కడుపులోకి వస్తాయి. పేడ తెల్లగా, మట్టిలాగా, కంపుకొడుతూ వుంటే అనుమానించాలి. అందుకే పది పదిహేను రోజుల వయసులో, దూడ బరువునుబట్టి డాక్టరుగారు చెప్పిన మోతాదులో పాముల మందు పట్టించాలి.

పారుడు మొదలవగానే నీరు యివ్వడం ముఖ్యం. లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఒక ఓఆర్‌ఎస్ పొట్లం కలపండి. పొట్లం లేకపోతే అర చెంచా వుప్పు, ఆరు చెంచాల పంచదార, చెంచా తలకొట్టి కొలిచి కలపండి. గోరువెచ్చగా చేసి, పూటకు లీటరు చొప్పున రోజుకు రెండు మూడుసార్లు తాగించండి. పాలు పూర్తిగా మానిపించే పాత పద్ధతి మంచిది కాదు. పారే దూడకు బలం కావాలి. పాలు కొద్దికొద్దిగా యిస్తూ, పాలకూ యీ నీళ్లకూ రెండు గంటల యెడం వుంచండి.

మెడ దగ్గర చర్మాన్ని పట్టి వదలండి. వెంటనే సర్దుకుంటే పరవాలేదు. మడత అలాగే నిలబడినా, కళ్లు లోపలికి పోయినా, నోరు చల్లబడినా, వేలు పెడితే చీకకపోయినా, పేడలో రక్తం కనిపించినా యిక యింటివైద్యం చాలదు. లేవలేని దూడ నోట్లో యేదీ పొయ్యకండి. దానికి నరంలోకి సెలైను యెక్కించాలి. రేపు చూద్దామనకుండా ఆ గంటే పశువుల ఆసుపత్రికి కబురు పెట్టండి. 1962 నెంబరుకు ఫోను చెయ్యండి. ఆంటీబయాటిక్ మందులు మీకు మీరే కొని వెయ్యకండి.

జబ్బు దూడను వేరుగా, పొడి గడ్డి మీద కట్టండి. దీని పేడలోని కొన్ని క్రిములు మనుషులకూ అంటుతాయి. ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కోండి, చిన్నపిల్లల్ని దగ్గరికి పోనివ్వకండి.

గేదె పోయిన నష్టం పెద్దదే. కాని ఆ దూడ పెయ్య అయితే, మూడు నాలుగేళ్లకు అదే మీ పాకలో యీనవచ్చు. దానికి కావలసింది సమయానికి పాలు, శుభ్రమైన గిన్నె, అవసరమైనప్పుడు చిటికెడు వుప్పు కలిపిన నీళ్లు.