నెలలు నిండని కాన్పు – నింద ఎవరి మీద?

(బన్సీలాల్‌పేట్‌లో జరిగిన సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)

నేను ఉర్దూ మీడియం మాస్టరును. నా తెలుగులో లోటుపాట్లుంటే మన్నించండి.

మా చెల్లెలికి ఎనిమిదో నెలలోనే కాన్పు అయింది. బిడ్డ దక్కలేదు. బరువైన బిందె ఎత్తిందని ఒకరన్నారు, నజర్ తగిలిందని ఇంకొకరన్నారు. మూత్రం పోసేటప్పుడు పదిహేను రోజులుగా మంటగా ఉన్నా, సిగ్గుపడి ఎవరికీ చెప్పలేదని తను తర్వాత ఏడుస్తూ చెప్పింది. అదొక్కటే కారణమో కాదో ఇప్పుడు తేలదు. కానీ నింద మాత్రం తన మీదే పడింది. అందుకే ఈ నాలుగు మాటలు.

మన ఒంట్లో రోగాలతో పోరాడే ఒక ఫౌజు ఉంది. రక్తంలోని తెల్లకణాలే దాని సిపాయిలు. పరాయిది ఏది కనబడినా మీద పడతాయి. కడుపులోని బిడ్డలో సగం తండ్రి అంశ. తల్లి ఒంటికి అది పరాయిదే. మరి బిడ్డ జోలికి ఎందుకు పోవు? 1953లో పీటర్ మెదావర్ అనే బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు ఈ ప్రశ్న లేవనెత్తాడు. తెల్లకణాలలోనే కొన్ని మిగతావాటిని అదుపులో ఉంచుతాయనీ, ప్రొజెస్టెరాన్ అనే హార్మోను కూడా వాటిని శాంతపరుస్తుందనీ తర్వాత తెలిసింది.

నెలలు నిండేసరికి ఈ అదుపు సడలుతుంది. తెల్లకణాలు గర్భసంచిలోకి, దాని ముఖద్వారంలోకి చేరి కొన్ని రసాయనాలు విడుస్తాయి. వాటి వల్ల ప్రోస్టాగ్లాండిన్లు పెరుగుతాయి. అవి ముఖద్వారాన్ని మెత్తబరిచి నొప్పులు తెస్తాయి. అంటే, కాన్పుకు ఢంకా మోగించేవాళ్లలో ఈ సిపాయిలూ ఉన్నారన్న మాట!

సూక్ష్మజీవులు చేరితే అదే ఢంకా ముందుగానే మోగవచ్చు. 37 వారాలు నిండకుండా పుట్టడాన్నే నెలలు నిండని కాన్పు అంటారు. కవలలు, బి.పి. వంటి వేరే కారణాలూ ఉన్నాయి. 2020లో ప్రపంచంలో సుమారు 1 కోటి 34 లక్షల మంది పిల్లలు ఇలా పుట్టారు. అందులో మన దేశంలోనే 30 లక్షలకు పైగా.

ఏడో నెల బిడ్డ బతుకుతుంది, ఎనిమిదో నెల బిడ్డ బతకదు అని మన ఇళ్లలో అంటారు. ఇది శుద్ధ తప్పు. కడుపులో ఒక్క వారం ఎక్కువున్నా బిడ్డకు మేలే.

కనుక అమ్మలారా! మూత్రంలో మంట, జ్వరం, వాసనతో తెల్లబట్ట ఉంటే దాచుకోకండి. ఉమ్మనీరు కారినా, రక్తం కనబడినా, నెలలు నిండకముందే నొప్పులు ఆగి ఆగి వస్తున్నా తెల్లారేదాకా ఆగకండి. 108కి ఫోన్ చేయండి. గాంధీ ఆసుపత్రి మనకు దగ్గర్లోనే ఉంది. వేళకు వెళితే, బిడ్డ ఊపిరితిత్తులు గట్టిపడే ఇంజెక్షన్ తల్లికి ఇచ్చే వీలుంటుంది.

అత్తమామలకు, భర్తలకు ఒక్క మనవి. కోడలు మంట అని చెబితే "ఇదంతా మామూలే" అనకండి. బిడ్డ పోయాక నింద వేసే నోటితో ముందే ఒక్క మాట అడగండి: "ఒంట్లో ఎలా ఉందమ్మా?" సెలవు.