ప్రాణహిత లోయలో రాతి ఎముకలు



బావి త్రవ్వేటప్పుడు పైమట్టి దాటితే రాయి తగులుతుంది. ప్రాణహిత, గోదావరి లోయలో ఆ రాయి ఒకనాటి ఏరు తెచ్చిపోసిన ఇసుకే, ఒకనాటి మడుగు అడుగున పేరిన బురదే. దానిని గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను.

ఈ లోయలో నేల బీటలువారి, ఆ బీటల నడుమ భాగం కోట్ల ఏండ్లు మెల్లగా క్రుంగుతూ వచ్చింది. క్రుంగినకొద్దీ ఏరులు ఇసుకను, ఒండ్రును తెచ్చి నింపినవి. అడుగుపొరలలో చిక్కిన చెట్టుచేమలే నేటి సింగరేణి బొగ్గు. దానికి చాలా పైన ఉన్నది కోటా పొర. మహారాష్ట్రలో సిరొంచ ప్రాంతమందలి కోటా గ్రామం పేరే దీనికి పెట్టినారు. దీని వయస్సు రమారమి 18 కోట్ల ఏండ్లు. ఇసుకరాయి, ఎర్రబంకమన్ను, సున్నపురాయి ఇందులో వరుసలుగా ఉంటవి. సున్నపురాతిలో చేపల అచ్చులు, మెరిసే పొలుసులు దొరికినవి.

సిరొంచ దగ్గరి పోచంపల్లిలో 1960-61 ప్రాంతాన కలకత్తా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ వారు పెద్ద చెట్ల మొద్దులతో కలిసివున్న సుమారు 300 ఎముకలను వెలికితీసినారు. అవి కనీసం 6 జంతువులవి. బరాపాసారస్ అని 1975లో పేరు పెట్టినారు. బరాపా అంటే వంగభాషలో పెద్ద కాలు. పూర్వపు ఆదిలాబాదు జిల్లా యామన్‌పల్లిలో దొరికిన మరొక జంతువుకు 1988లో కోటాసారస్ అని పేరు వచ్చింది. దాని అస్థిపంజరాన్ని హైదరాబాదు బిర్లా సైన్స్ సెంటరులో నిలబెట్టినారు. రెండూ ఆకులలములు మేసే భారీ జంతువులే.

అయితే ఈ రెంటికీ పూర్తి పుర్రె దొరకలేదు. పళ్ళు మాత్రం దొరికినవి. ఆ పుర్రె ఏ బావిలోనో, ఏ వాగు గట్టు కోతలోనో ఉండవచ్చును.

“అయ్యా, రాయికీ ఎముకకూ తేడా మాకెట్లా తెలుస్తుంది?” అంటారు. విరిగినచోట చూడండి. రాతి ఎముక లోపల చాలాసార్లు తేనెపట్టు వలె సన్నని గుల్లలు కనబడతవి. మామూలు ఎముకకంటే బరువుగా ఉంటుంది.

అటువంటిది కనబడితే గడ్డపారతో పెకలించవద్దు, ఇంటికి తేవద్దు, సున్నపుబట్టీలో వేయవద్దు. ఏ పొరలో, ఎంత లోతున, దేని ప్రక్కన ఉన్నదో అదే దాని సాక్ష్యం. చోటు తప్పిన ఎముక సర్వే నంబరు చింపిన పట్టా వంటిది. పైన మట్టి కప్పి, గుర్తుకు కొయ్య పాతి, తహసీలుదారుకు గాని, హైదరాబాదులోని భారత భూగర్భ సర్వేక్షణ శాఖకు గాని కబురు చేయండి. గ్రామసేవకులు కూడా ఈ కబురు చేరవేయడంలో తోడ్పడాలి.

పొరలు గమనించడం సేద్యానికీ పనికివస్తుంది. ఇసుకరాయి నీటిని లోనికి పోనిచ్చి దాచుతుంది; బంకమన్ను అడ్డగిస్తుంది. కనుక బావి త్రవ్వినప్పుడు ఏ లోతున ఏ పొర తగిలిందో వ్రాసిపెట్టుకోండి. ప్రక్క చేనివారికి కూడా ఆ లెక్క అక్కరకు వస్తుంది.