అడవి కాలిన లెక్క

(రజతోత్సవ సభయందలి ఉపన్యాసపాఠము)



ఒక గ్రామము తన గ్రంథాలయమును ఇరువదియైదేండ్లు నిలుపుకొనుట సామాన్యవిషయము గాదు. ఆ ప్రశంస పెద్దలు చేసియే యున్నారు గనుక నేను నాకు నియమితమైన విషయమునకు వచ్చెదను. ఐరోపాఖండపు పడమటి కొసను పోర్చుగల్ అను చిన్న దేశమున్నది. 1498లో కళ్ళికోట రేవుకు వచ్చిన వాస్కోడగామా ఆ దేశమువాడే. ఆ దేశపు భూమిలో మూడవవంతు అడవి. ఆ యడవి కాలినపుడు గాలిలో కలియు వాయువులను ఎట్లు లెక్కింతురో, ఆ లెక్క యెవరి ఖాతాలో వ్రాయవలెనో విన్నవించెదను.

ముందు కట్టె సంగతి. చెట్టు గాలిలోని బొగ్గుపులుసు వాయువును, అనగా కార్బన్ డయాక్సైడును, పీల్చి దానిలోని కార్బనును తన మ్రానులో దాచుకొనును. ఒక టన్ను ఎండుకట్టెలో ఇంచుమించు అరటన్ను కార్బనే. అది కాలునపుడు గాలిలోని ప్రాణవాయువుతో కూడుటచే వెలువడు బొగ్గుపులుసు వాయువు 1.8 టన్నులు తూగును. కట్టెకంటె పొగ బరువైనదన్న మాట! మంట లేక రాజుచుండు చోట్ల మీథేను కూడ పుట్టును. నూరేండ్ల కాలమును బట్టి చూచిన, భూమిని వేడెక్కించుటలో అది బొగ్గుపులుసు వాయువుకంటె 28 రెట్లు బలమైనది. కొద్దిపాటి నైట్రస్ ఆక్సైడు దానికి తోడగును.

కాలిన అడవిని ఎవరును తక్కెడలో వేసి తూచలేరు. కావున కాలిన నేల యెన్ని హెక్టార్లో కొలిచి, హెక్టారున కెంత మ్రాను, ఆకు, పొద యుండెనో, అందెంత నిజముగా కాలెనో అంచనావేసి, టన్నుకెంత వాయువను గుణకముతో హెచ్చింతురు. పెద్ద మ్రానుల కాండములు మంటలో పూర్తిగా కాలవు. పైన మాడి, చచ్చి నిలుచును. పిమ్మట కుళ్ళుచు ఏండ్ల తరబడి ఆ వాయువునే మెల్లమెల్లగా విడుచును. మంట ఆరినను లెక్క ఆరదు.

సామాన్యవత్సరములలో పోర్చుగల్ అడవులు విడుచు దానికంటె పీల్చునదే యెక్కువ. దేశపు లెక్కలో అది జమ. 2003, 2005, 2017 సంవత్సరములలో ఆ జమ ఖర్చుగా మారినది. అందు 2017 మరపురానిది. ఆ యేడు జూన్ 17వ తేదీన పెద్రోగావ్ గ్రాండ్ ప్రాంతమున చెలరేగిన మంటలలో 66 మంది మరణించిరి. వారిలో పెక్కుమంది తప్పించుకొనిపోవుచు ఒకే రహదారిమీద మంటలకు చిక్కినవారు. అక్టోబరు 15వ తేదీన మరల వందలకొలది చోట్ల అగ్ని లేచినది. తీరమునకు దూరముగా పోవుచున్న ఒఫీలియా తుపాను గాలులు దానిని విసరినవి. మరునాడు లండను నగరవాసులు పట్టపగలు ఎఱ్ఱని సూర్యుని జూచి విస్తుపోయిరి. సహారా ఎడారి ధూళియు, పోర్చుగల్, స్పెయిన్ అడవుల పొగయు కలిసి అంతదూరము పోయినవి. ఆ వత్సరమున కాలిన నేల 5 లక్షల హెక్టార్లకు, అనగా 12 లక్షల ఎకరములకు, మించినది. శతాబ్దముల క్రిందట తీరపు ఇసుక కదలకుండ పెంచిన లైరియా దేవదారువనము నూటికి ఎనుబది పాళ్లకు పైగా ఆ అక్టోబరుననే బూడిదయైనది.

ఇంత అగ్నికి ఎండయే కారణమన్నచో సగము సత్యమే యగును. 1960 ప్రాంతము మొదలు ఆ దేశపు కొండపల్లెలనుండి జనము ఫ్రాన్సుకు, జర్మనీకి, తీరపు పట్టణములకు వలసపోయిరి. మేకలు పోయినవి. వంటచెరకు ఏరుకొనువారు లేరు. దున్నిన చేలు పొదలైనవి. అడవిలో ప్రభుత్వమునకున్నది నూటికి మూడు పాళ్లే. తక్కినది చిన్నచిన్న ముక్కలుగా వారసుల పాలైనది. ఆ వారసులలో ఎందరికో తమ ముక్క యెచ్చట నున్నదో తెలియదు! ఆ నేలను కాగితపు పరిశ్రమకై యూకలిప్టసు ఆక్రమించెను. మన జిల్లాలలో జామాయిలని పెంచుచున్నది ఆ జాతి చెట్టునే. పండ్రెండేండ్లలోపున కోతకు వచ్చి రొక్కమిచ్చు పంట గనుక రైతును నిందింపలేము. కాని దాని యాకులో తైలమున్నది. దాని బెరడు పేలికలుగా ఊడి, నిప్పంటుకొని, గాలితో ఎగిరి దూరమున మరియొక మంట పెట్టును.

ఇచ్చట ఒక వివాదము కలదు. చెట్లు మరల మొలచి ఆ వాయువును మరల పీల్చును గదా, దానిని దేశపు అప్పుగా వ్రాయనేల యని కొందరందురు. ప్రకృతివైపరీత్యములవలన కలిగిన యధిక విసర్జనను కొన్ని నిబంధనలకు లోబడి లెక్కనుండి మినహాయించుకొనుటకు ఐరోపాసమాజపు శాసనము కూడ అవకాశమిచ్చుచున్నది. నాకీ వాదము పూర్తిగా రుచింపదు. అడవి మరల పెరుగుటకు దశాబ్దములు కావలెను. పదేండ్లకే ఆ నేల తిరిగి కాలినచో అప్పు తీరునదెప్పుడు? అదియుగాక ఆ దేశమున నిప్పులు అత్యధికముగా మనుష్యుల చేతినుండి పుట్టినవే. చెత్త తగులబెట్టుట, పచ్చికకై నిప్పు పెట్టుట, అజాగ్రత్త, దుర్బుద్ధి. వీనికి ప్రకృతివైపరీత్యమను పేరు చాలదు.

2017 తరువాత కొన్ని పనులు జరిగినవి. యూకలిప్టసు విస్తరణను అరికట్టుచు ఆ యేడే చట్టము చేసిరి. ఇండ్ల చుట్టును 50 మీటర్ల మేర పొదలు తొలగింపవలెనన్న పాత నియమమును 2018 నుండి గట్టిగా అమలు జరిపిరి. శీతకాలమున నిపుణులు కొలతగా నిప్పు పెట్టి పొదలను కాల్చుచున్నారు. అదియు పొగయే గాని, వేసవి మంటకంటె స్వల్పము. మేకల మందలచే పొదలు మేపించు కాపరులకు ప్రభుత్వము ధనసహాయము కూడ ఇచ్చినది. వలసపోయిన కాపరి యూరకే చేసిన పనికి నేడు కూలి ఇయ్యవలసి వచ్చినది!

అయినను 2025 వేసవిలో మరల రెండున్నర లక్షల హెక్టార్లకు పైగా కాలినది. లైరియాలో మాత్రము కాలిన మ్రానులను తీసివేసి కొంతమేర నారు నాటిరి. మరికొంతమేర, బూడిదలో రాలిన గింజలనుండి దేవదారు మొలకలు తమంత తామే లేచినవి.