పదహారు కర్బనాల కబురు



పత్తి చేలో కర్రకు కట్టే లింగాకర్షక బుట్ట మీకు తెలిసిందే. దాని మూత కింద చిన్న రబ్బరు ఎర ఉంటుంది. ముక్కు దగ్గర పెట్టుకున్నా మనకేమీ తెలియదు. గులాబీ రంగు పురుగు తాలూకు మగ రెక్కల పురుగు మాత్రం చీకట్లో గాలికి ఎదురెగిరి వచ్చి అందులో పడుతుంది. ఆడపురుగు రాత్రివేళ పొట్ట చివరి గ్రంథిని బయటకు చాచి వదిలే వాసనే ఆ ఎరలోనూ ఉంది. దాని గుట్టు 1973లో బయటపడింది. ఒకే కూర్పున్న రెండు అణువులు, ఒక్కచోట వంపు తేడా, ఇంచుమించు సమపాళ్ళు. ఒక్కదాన్నే పెడితే మగపురుగు పెద్దగా పట్టించుకోదు.

మన వరిలో తెల్లకంకి తెచ్చే మొగి పురుగుదీ జంట వాసనే. అక్కడ పాళ్ళు మూడుకు ఒకటి. రెండు పురుగులవీ 16 కర్బనాల గొలుసులే. ఒంట్లో కొవ్వు తయారుచేసే సరంజామానే పరిణామం ఇక్కడ వాడుకుంది. గొలుసులో వంపు పడే చోటు మారితే కబురే మారిపోతుంది.

నన్ను ఏళ్ళ తరబడి వదలని ప్రశ్న ఇక్కడే ఉంది. పాళ్ళు మార్చిన ఆడదాని దగ్గరికి మగది రాదు, దాని సంతానం అక్కడితో సరి. అలాంటప్పుడు కొత్త వాసన ఎలా నిలదొక్కుకుంది? 2002లో వెండెల్ రోలోఫ్స్ బృందం మొక్కజొన్న తొలుచు పురుగుల్లో దీనికి చక్కటి ఆధారం చూపింది. వాసన తయారీకి చెందిన ఒక జన్యువు యూరప్ జాతిలో పనిచేయకుండా పడి ఉంది, ఆసియా జాతిలో పనిచేస్తోంది. యూరప్ జాతి మగవాటిలో నూటికి ఏ కొన్నో ఆసియా జాతి పరాయి వాసనకు కూడా ఎగిరి వస్తాయి. అలాంటి అరుదైన మగపురుగులే కొత్త జాతికి దారి వేసి ఉంటాయి.

ఇదంతా మనకెందుకు అంటారా? మన ఆయుధాలకు లొంగని అలాంటి అరుదైన పురుగులను ఏరి పెంచే పని ఇప్పుడు మనమూ చేస్తున్నాం. బీటీ పత్తి మన దేశానికి 2002లో, రెండు జన్యువులది 2006లో వచ్చాయి. గులాబీ పురుగు 2010 నాటికే గుజరాత్‌లో మొదటిదాన్ని తట్టుకుంది, ఆ తర్వాత రెండోదాన్నీ జయించింది. వాసనకైతే ఆ బెడద ఉండదని చాలామంది నమ్మారు. జపాన్‌లోని షిజువోకా తేయాకు తోటల్లో 1983 నుంచి ఒకే పదార్థపు వాసన నింపి ఆకుచుట్టు పురుగు జత కట్టకుండా ఆపారు. పదిహేనేళ్ళు తిరిగేసరికి ఆ వాసన పట్టు సగానికి సగం సడలింది. సహజ మిశ్రమంలోని మిగతా పదార్థాలనూ కలిపాక మళ్ళీ పనిచేసింది.

కాబట్టి ఎర కొనేటప్పుడు అందులో రెండు అణువులూ సరైన పాళ్ళలో ఉన్నాయో లేదో అడగండి. వరుసగా మూడు రాత్రులు బుట్టకు 8 చొప్పున పడితేనే మందు మాట ఎత్తండి. ఆఖరి తీత కాగానే పత్తి కట్టె పీకేయండి. ఒక్క చేలో చేస్తే చాలదు, పక్క చేను పురుగు మన చేనుకు ఎగిరి వస్తుంది. ఊరంతా ఒకే వారంలో చేయాలి.