గడప దగ్గర ఆగిపోయే హక్కు



హక్కులంటే మనకు ముందు గుర్తొచ్చేది రాజ్యం. పోలీసు నుంచి, జైలు నుంచి, నిషేధం నుంచి వ్యక్తిని కాపాడేదే ఉదారవాదమని తరగతి గదిలో చదువుకున్నాం. అది సగమే నిజం. మిగతా సగం మహాడ్ చెబుతుంది.

ప్రభుత్వ ఖర్చుతో నడిచే బావులు, చెరువులు అంటరానివారికీ తెరవాలని బొంబాయి శాసనమండలి 1923లో తీర్మానించింది. మహాడ్ మునిసిపాలిటీ 1924లో చవదార్ చెరువును తెరిచినట్టు ప్రకటించింది. కాగితం మీద హక్కు వచ్చింది, నీళ్లు మాత్రం రాలేదు. 1927 మార్చి 20న అంబేడ్కర్ వేలమందితో నడిచి వెళ్లి ఆ నీళ్లు తాగారు. ఆ రోజే సవర్ణులు కర్రలతో దాడి చేశారు. తర్వాత ఆవుపేడతో, మూత్రంతో చెరువును 'శుద్ధి' చేశారు. కోర్టు కేసు 1937 దాకా సాగింది. అక్కడ దారికి అడ్డం నిలబడ్డది సర్కారు కాదు, ఊళ్లో మనిషి.

అందుకే మన రాజ్యాంగం రాజ్యాన్ని కట్టడి చేసి ఊరుకోలేదు. 15(2) అధికరణ దుకాణాలు, హోటళ్లు, బావులు, స్నానఘట్టాల దాకా వెళ్లింది. 17వ అధికరణ అంటరానితనాన్ని ఏ రూపంలో పాటించినా నిషేధించింది. ముసాయిదా గ్రామాన్ని కాక వ్యక్తిని ప్రమాణంగా తీసుకున్నందుకు సంతోషిస్తున్నానని 1948 నవంబరు 4న అంబేడ్కర్ రాజ్యాంగసభలో చెప్పారు.

నేను పాఠాలు చెప్పుకుని బతికేవాణ్ణి. అద్దె ఇంటికి వెళ్తే ఒక పెద్దమనిషి ప్రజాస్వామ్యం గురించి గంటసేపు చక్కగా మాట్లాడారు. ఆఖరున "మీ ఇంటిపేరేంటి?" అన్నారు. ఇల్లు దొరకలేదు. ఆయన ఉదారవాదం గడప దగ్గరే ఆగిపోయింది.

అయితే గడప మనకూ ఉంది. హిందూ కోడ్ బిల్లు ముందుకు సాగనందుకే కదా 1951లో బాబాసాహెబ్ మంత్రిపదవి వదులుకున్నది! ఆడవాళ్ల ఆస్తి, విడాకులు ఆయనకు ఇంటి గొడవలు కావు, ప్రజాస్వామ్య ప్రశ్నలు. సభలో సమానత్వం మాట్లాడి ఇంటికెళ్లి తిన్న కంచం కదపని వాడు, ఉపకులం చూసి పిల్లకు సంబంధం వెతికేవాడు ఆ ప్రశ్నకు జవాబు చెప్పాలి.

నా మటుకు నేను ఒక నియమం పెట్టుకున్నాను. నేను బయట అడిగే హక్కు నా ఇంట్లో ఎవరికి అందడం లేదో ముందు చూస్తాను. నా కంచం నేనే కడుగుతాను. పనికి వచ్చే అమ్మకు వేరే గ్లాసు లేదు. నా కూతురి పెళ్లి ఆమె నిర్ణయం. ఇవి చిన్న పనులే. కానీ మునిసిపాలిటీ ప్రకటన వచ్చాక కూడా మహాడ్‌లో మూడేళ్లు నీళ్లు అందలేదంటే, కొరవడింది ఈ చిన్న పనులు చేసే మనుషులే.

ఈ రాత్రి మీ హాస్టల్ గదికి కొత్త విద్యార్థి వస్తే పేరు అడగండి, చాలు. ఇంటిపేరు అక్కర్లేదు.

జై భీమ్.