మత్తు, మనోవ్యాధి, మన బాధ్యత

(సొసైటీ వార్షిక సమావేశంలో వైద్య సహాయ విభాగం తరఫున చేసిన ప్రసంగ పాఠం)





ప్రతి ఏడూ ఈ వేదిక మీద చదువుల సహాయం గురించి, పేదింటి ఆడపిల్లల నికాహ్‌ల గురించి, కంటి ఆపరేషన్ల గురించి లెక్క చెప్పుకుంటాం. ఈసారి మనం ఎప్పుడూ ఎత్తని మాట ఒకటి ఎత్తుతున్నాం. మత్తు పదార్థాల వల్ల మనసు చెడినవారి మాట. "మనవాళ్ళలో అలాంటివి ఎక్కడున్నాయండీ?" అని కొందరు పెద్దలు అడుగుతారు. ఒకప్పుడు మేమూ అలాగే అన్నాం. అందుకని మా పొరపాటుతోనే మొదలుపెడతాం.

గత ఏడాది రమజాన్ మూడో రాత్రి తరావీహ్ అయ్యాక ఒక తల్లి మస్జిద్ గేటు దగ్గరకు వచ్చి నిలబడింది. "మా వాడికి గాలి సోకింది సాహెబ్, ఎవరైనా వచ్చి చూడండి" అంది. వెళ్ళాం. గేట్లు, గ్రిల్స్ వెల్డింగ్ చేసే తమ్ముడు. పదేళ్ళుగా తాగుతున్నాడు. నెలవంక కనబడిన రాత్రి నిజాయితీగా తౌబా చేసి, ఒక్కసారిగా మానేశాడు. మరునాడు చేతులు వణికాయి, చెమటలు పట్టాయి, నిద్ర పట్టలేదు. ఆ రాత్రి ఫిట్స్ వచ్చాయి. మేము వెళ్ళేసరికి గోడ మీద లేని పురుగులను ఏరుతున్నాడు. డాబా మీద ఎవరో తనను చంపడానికి కాచుకున్నారని అరుస్తున్నాడు. ఇంట్లోవాళ్ళు భయపడి గదిలో పెట్టి తాళం వేశారు. చేతికి అప్పటికే రెండు తావీజులు ఉన్నాయి.

ఆటోలో ఆస్పత్రికి తీసుకెళ్ళాం. డ్యూటీలో ఉన్న డాక్టరుగారు రెండే ప్రశ్నలు అడిగారు. రోజూ ఎంత తాగేవాడు? ఎప్పుడు మానేశాడు? "ఇంకొక రోజు ఆ గదిలోనే ఉంచి ఉంటే మనిషి దక్కేవాడు కాదేమో" అన్నారు ఆయన.

ఇది ఎందుకు జరుగుతుందో అందరికీ తెలియాలి. మద్యం మెదడు వేగాన్ని అణచిపెడుతుంది. రోజూ అలా అణుస్తుంటే మెదడు కూడా తన బలమంతా పెట్టి ఎదురు నెట్టడం నేర్చుకుంటుంది. తలుపును బయటినుంచి ఒకరు, లోపలినుంచి ఒకరు నెడుతున్నట్టు అనుకోండి. బయటివాడు హఠాత్తుగా చేయి తీస్తే లోపలివాడు బోర్లా పడతాడు. చాలాకాలంగా బాగా తాగేవాడు ఉన్నట్టుండి మానేసినప్పుడు జరిగేది అదే. మొదటి రెండు రోజుల్లో వణుకు, ఫిట్స్ రావచ్చు. రెండో రోజుకూ నాలుగో రోజుకూ మధ్య కొందరికి మతి భ్రమిస్తుంది. లేనివి కనబడతాయి, వినబడతాయి. ఇది ప్రాణాంతకం. ఆస్పత్రిలో చేరిస్తే చాలావరకు నయమయ్యేది కూడా.

ఇది ఒక్క మద్యంతోనే కాదు. 2015లో తెలంగాణ జిల్లాల్లో కల్తీ కల్లు మీద దాడులు జరిగినప్పుడు ఏమైందో మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆ కల్లులో డయజిపామ్, అల్ప్రాజోలం వంటి నిద్రమందులు కలిపేవారు. దుకాణాలు మూతపడగానే అలవాటైనవారు ఫిట్స్‌తో, పిచ్చిచూపులతో ఆస్పత్రుల ముందు బారులు తీరారు. 2020లో లాక్‌డౌన్ పెట్టిన వారంలో హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక ఆస్పత్రికీ అలాంటివారే తరలివచ్చారు. అదే ఏడాది ప్రకాశం జిల్లా కురిచేడులో శానిటైజర్ తాగి పదిమందికి పైగా చనిపోయారు. ఏదో ఒకటి దొరికితే చాలనే స్థితికి మనిషి ఎలా వస్తాడో అది చూసైనా అర్థం చేసుకోవాలి.

మత్తుకూ మనోవ్యాధికీ సంబంధం మూడు రకాలుగా ఉంటుందని డాక్టర్లు మాకు వివరించారు. మొదటిది, మత్తులో ఉన్నప్పుడో మానేసినప్పుడో వచ్చే అలజడి. రెండోది, వాడకం వల్ల పుట్టి కొంతకాలం నిలిచే జబ్బు. ఏళ్ళ తరబడి తాగేవాళ్ళలో కొందరికి భార్య మీద లేనిపోని అనుమానం పట్టుకుంటుంది. కొందరికి చెవిలో తిట్లు వినబడతాయి. కొందరిని దిగులు కమ్ముకుంటుంది. తిండి తగ్గి బి-1 విటమిన్ లోపిస్తే జ్ఞాపకశక్తి శాశ్వతంగా పోవచ్చు. గంజాయి తాగే కుర్రవాళ్ళలో కొందరికి అందరూ తననే చూస్తున్నారనీ, తన గురించే మాట్లాడుకుంటున్నారనీ భ్రమ మొదలవుతుంది. ఎంత చిన్న వయసులో మొదలుపెడితే ముప్పు అంత ఎక్కువ. మూడోది, జబ్బే ముందు ఉండి, ఆ బాధ ఓర్చుకోలేక మత్తు పట్టడం. నిద్ర పట్టక తాగేవాడు, దిగులు మరిచిపోవడానికి మాత్రలు మింగేవాడు ఈ రకం.

ఏది ముందు, ఏది వెనుక అని తేల్చడం మన పని కాదు. డాక్టరు కూడా మొదటి రోజే తేల్చరు. మత్తు మానేసి కొన్ని వారాలు గడిచాక ఏది తగ్గింది, ఏది మిగిలింది అని చూస్తారు. మానేసిన రెండు మూడు వారాల్లో కొందరి దిగులు దానంతటదే తేలికపడుతుంది. పడకపోతే దానికి వేరే మందు కావాలి. "ముందు తాగుడు మానమనండి, తర్వాత మనసు సంగతి చూద్దాం" అని ఒకదాన్ని వాయిదా వేయకూడదు. రెండింటికీ చికిత్స కలిసే నడవాలి.

ఇక మా పొరపాటు చెబుతాం. ఆ తమ్ముడికి ఆస్పత్రిలో బి-1 ఇంజెక్షన్లు ఇచ్చారు. మెదడు నెమ్మదించే మందులు మొదలుపెట్టి రోజురోజుకూ తగ్గించుకుంటూ వచ్చారు. వారానికి మనిషి తేరుకున్నాడు. మేము ఖర్చు కట్టాం, ఖజూర్ పొట్లం చేతిలో పెట్టాం, ఫైలు మూసేశాం. ఈద్ తర్వాత పాత యజమాని పనిలోకి రానివ్వలేదు. వీధిలో వరుసైనవాళ్ళు కూడా సలాం చెప్పడం మానేశారు. భార్య పిల్లలతో పుట్టింటికి వెళ్ళింది. మళ్ళీ నిద్ర పోయింది. నలభై రోజులు తిరక్కుండానే మళ్ళీ తాగాడు. "నేను లేకపోతేనే మీకు సుఖం అమ్మీ" అన్నాడట. ఆ మాట మోసుకుని ఆ తల్లి మళ్ళీ మా దగ్గరకు వచ్చింది. వచ్చి ఒకటే అంది: "ఆస్పత్రికి అందరూ వచ్చారు సాహెబ్. ఇంటికి ఒక్కరూ రాలేదు."

దానికి మా దగ్గర జవాబు లేదు.

ఎయిమ్స్ వైద్యులు దేశమంతా సర్వే చేసి 2019లో ఒక నివేదిక ఇచ్చారు. మద్యం వల్ల సహాయం అవసరమైన స్థితిలో ఉన్నవారు దేశంలో 5 కోట్ల 70 లక్షల మంది అని అందులో ఉంది. మద్యానికి బానిసైన ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందుతోందనీ ఉంది. మిగతా 37 మంది ఎక్కడున్నారు? తాళం వేసిన గదుల్లో ఉన్నారు. "పరువు పోతుంది, ఎవరికీ చెప్పకు" అనే మాట కింద ఉన్నారు.

మనలో కొందరికి ఒక సందేహం ఉంటుంది. హరామ్ పని చేసి జబ్బు తెచ్చుకున్నవాడికి సదఖా డబ్బు ఎందుకు? మత్తు హరామ్ అన్నదాంట్లో మాకు రెండో మాట లేదు. కానీ పాపానికి తౌబా ఉంది, జబ్బుకు వైద్యం ఉంది. తౌబా చేసిన తమ్ముడికే కదా మూడో రాత్రి మతి తప్పింది! రోగికి ఉపవాసం తర్వాత పూర్తిచేసుకునే సడలింపు మన ధర్మంలోనే ఉంది. కాబట్టి రమజాన్‌లో మానేయదలచినవాడు ఎవరికీ చెప్పకుండా ఒక్కడే మానేయకూడదు. షాబాన్‌లోనే డాక్టరును కలవాలి. ఈ మాట జుమా రోజున మైకులో చెప్పమని మన ఇమామ్ సాహెబులను వేడుకుంటున్నాం.

మరికొన్ని సంగతులు ఇళ్ళలో ఆడవాళ్ళకు తప్పక చేరాలి. తాగుడు మాన్పించే మందు అని అన్నంలో, చాయ్‌లో రహస్యంగా కలపకండి. ఆ మందు తెలియక మీద తాగితే బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. మందు డాక్టరు ఇవ్వాలి, రోగి తెలిసి మింగాలి. దర్గాలో దుఆ చేయించండి, కాదనం. కానీ ఎవరినీ ఎక్కడా కట్టి ఉంచకండి. 2001 ఆగస్టులో తమిళనాడు ఏర్వాడిలో పాక అంటుకున్నప్పుడు గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది మానసిక రోగులు కాలిపోయారు. 2017 మానసిక ఆరోగ్య చట్టం గొలుసులను పూర్తిగా నిషేధించింది. మత్తు వల్ల వచ్చే మానసిక స్థితులను కూడా అదే చట్టం జబ్బుగానే లెక్కించింది. "గంజాయి అని చెబితే పోలీసులు పట్టుకుపోతారేమో" అని భయపడేవారికి ఇంకో మాట. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టంలోని 64-ఎ సెక్షన్, అలవాటుపడి తనంతట తాను చికిత్సకు వచ్చినవాడికి వాడకం, కొద్దిపాటి పరిమాణం కేసుల నుంచి రక్షణ ఇస్తుంది.

ఎక్కడికి వెళ్ళాలో తెలియకపోతే ఫోను ఉంది. మానసిక సమస్యలకు టెలి మానస్ నంబరు 14416. మత్తు విముక్తికి 14446. రెండూ ఉచితం. హైదరాబాద్ ఎర్రగడ్డలో, విశాఖపట్నంలో ప్రభుత్వ మానసిక ఆస్పత్రులు ఉన్నాయి. ఫిట్స్ వచ్చినా, మతి తప్పినా, చచ్చిపోతానన్నా ఆలస్యం చేయకుండా దగ్గరి ఆస్పత్రికి తీసుకెళ్ళండి.

ఇప్పుడు మీ డబ్బు సంగతికి వస్తాం. ఆస్పత్రి ఖర్చు పెద్దగా కనబడుతుంది గానీ అది వారం రోజులదే. దాని తర్వాత నెలల తరబడి సాగే ఖర్చు ఉంది. మళ్ళీ తాగాలనిపించకుండా ఇచ్చే మందులు, నెలకోసారి డాక్టరు దగ్గరకు ఇద్దరికి బస్సు చార్జీ, ఆ రోజు పోయే కూలి, ఇంట్లో బియ్యం, పిల్లల ఫీజు. ఇవి ఫోటోకు ఎక్కవు. శిలాఫలకం మీద పేరు రాయించుకోవడానికీ వీలుండదు, ఎందుకంటే రోగి పేరు మేము ఎవరికీ చెప్పం. పేరు రాని చోట ఇచ్చే దానం ఇది. జకాత్ డబ్బు ఎవరికి వర్తిస్తుందో ఉలమాను అడిగే ఇస్తున్నాం. మిగతాది సదఖా పద్దు నుంచి పెడుతున్నాం. రెండు ఖాతాలూ వేరువేరుగా ఉన్నాయి, ఎవరైనా వచ్చి చూడవచ్చు.

డబ్బుతో పాటు ఇంకొకటి అడుగుతున్నాం. షాపు ఉన్నవారు ఒక్కరికి పని ఇవ్వండి. వీధిలో ఉన్నవారు ఒక్కరికి సలాం చెప్పండి.

ఆ తమ్ముడి అనుమతితోనే అతని సంగతి ఇక్కడ చెప్పాం. రెండోసారి ఆస్పత్రి నుంచి వచ్చాక మాలో ఇద్దరం ప్రతి జుమా తర్వాత అతని ఇంటికి వెళుతున్నాం. చాయ్ తాగి, మందుల డబ్బా చూసి వస్తాం. ఈ సభలోనే ఉన్న ఒక సోదరుడు తన షెడ్డులో పని ఇచ్చారు. భార్యాపిల్లలు తిరిగి వచ్చారు. మధ్యలో ఒకసారి జారాడు. ఆ రాత్రే తనే ఫోన్ చేసి చెప్పాడు. మేము కోప్పడలేదు, తెల్లారి డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళాం. అప్పటినుంచి ఆరు నెలలు గడిచాయి. పూర్తిగా నయమైందని మేము అనం. వచ్చే జుమాకు మళ్ళీ వెళతాం, ఇన్‌షాఅల్లాహ్.

మత్తులో చిక్కిన ప్రతి బిడ్డకూ అల్లాహ్ షిఫా ప్రసాదించుగాక. వాళ్ళ తల్లుల ముందు మేము మళ్ళీ తలదించుకునే రోజు రాకుండుగాక. ఆమీన్.

వస్సలాం.